తొమ్మిది రోజుల అభ్యర్థి

1999 జూన్‌లో నేను కాకినాడ నుంచి సింగపూర్ వచ్చాను. ఉద్యోగం ఊరికి పడమటి వైపు ఉన్న జురాంగ్ ఈస్ట్‌లో, రేవులో కంటైనర్ల రాకపోకలకు సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో. అప్పట్లో ప్రోగ్రాములు రాయడం వస్తే చాలు, కంపెనీలు టికెట్ పంపి మరీ పిలిపించుకునేవి. పని దొరికింది గాని ఉండడానికి గది దొరకలేదు. చూసిన ప్రతి ఇంట్లోనూ తలుపు దగ్గరే ఒక మాట చెప్పేవారు, వంట చేయకూడదని. పోపు వాసన గోడలకు పట్టి వదలదట. కొందరు నా మొహం చూసి ఆ మాట కూడా చెప్పకుండా తలుపు వేసేసేవారు.

ఒక శనివారం ఆఫీసులో ఎవరో వదిలేసిన ఇంగ్లీషు పేపర్ తిరగేస్తుంటే ఒక కాలమ్ కనిపించింది. ఊరవతల డార్మిటరీల్లో ఉండే తాపీ కూలీలు ఆదివారాలు ఎక్కడ కూర్చుంటారన్నది దాని సంగతి. రాసినవాడి పేరు ఎస్. సూరయ్య. ఆ తెలుగు పేరు చూసి పత్రికాఫీసుకు ఫోన్ చేశాను. ఇంగ్లీషులో మొదలుపెట్టి, రెండో వాక్యంలోనే తెలుగులోకి దిగిపోయాను.

ఆయన, "మళ్ళీ సెప్పమ్మా. నెమ్మదిగా సెప్పు. ఈ ఫోన్లో తెలుగు ఇన్నది ఇదే మొదలు" అన్నాడు.

గదుల గొడవంతా చెప్పాను. అంతా విని, ఇది రాయొచ్చా అని అడిగాడు. నా పేరు రాయొద్దన్నాను. కంపెనీ పేరూ వద్దన్నాను. పై శనివారం వచ్చిన కాలమ్‌లో నా పేరు లేదు, కంపెనీ లేదు, మా ఊరి పేరైనా లేదు. ఆ తర్వాత ఆయనే ఫోన్ చేసి, బిషాన్‌లో తమ ఫ్లాట్‌లో ఒక గది ఖాళీగా ఉందనీ, పోపు వాసనకు తమ గోడలు ఎప్పుడో అలవాటు పడిపోయాయనీ చెప్పాడు.

అలా నేను సూరయ్య అంకుల్ ఇంట్లో చేరాను.

ఆయన పుట్టింది మలేసియాలో, పేరాక్ రాష్ట్రంలో ఒక కొబ్బరి ఎస్టేట్‌లో. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వెళ్ళిన కుటుంబం. పద్దెనిమిదేళ్ళప్పుడు సముద్రం మీది జొహోర్ కట్ట దాటి సింగపూర్ వచ్చి, సాయంత్రాలు వెలువడే ఒక పత్రిక అచ్చాఫీసులో ప్రూఫులు మోసే పనిలో చేరాడు. మోసే ప్రూఫులు చదివి ఇంగ్లీషు నేర్చుకున్నాడు. ఏడేళ్ళకు విలేఖరి అయ్యాడు. ఆ తర్వాత పౌరసత్వం వచ్చింది. కోర్టులు, ఓడ ప్రమాదాలు, కూలిన పరంజాలు, ఇవే ఆయన వార్తలు. ఆయన భార్య పాపమ్మ ఆంటీ కూడా ఆ ఎస్టేట్ మనిషే. నేను ఆఫీసు నుంచి రాగానే "మాకన్ ఆయిందా?" అని అడిగేది. భోజనమైందా అని. అవలేదంటే ఎండు చేపల సాంబాల్ కారం గిన్నె నా ముందుకు జరిపేది.

వాళ్ళ అబ్బాయి యశ్వంత్ నాకంటే రెండేళ్ళు చిన్న. తెలుగు అర్థమయ్యేది గాని జవాబు ఇంగ్లీషులోనే. అక్కడి మగపిల్లలందరిలా సైన్యంలో రెండేళ్ళు చేసి, కంప్యూటర్ డిగ్రీ తీసుకుని, ఇంటర్నెట్‌లో పెళ్ళి విందులు బుక్ చేసే ఒక కొత్త కంపెనీలో చేరాడు. ఆ కంపెనీలో కుర్చీల బదులు రబ్బరు బంతుల మీద కూర్చుంటారని చెప్తే ఆంటీ చాలా రోజులు నమ్మలేదు.

మొదటి ఏడాదిన్నర హాయిగా గడిచింది. 2000 డిసెంబర్లో పత్రిక వాళ్ళు వెబ్ ఎడిషన్ మొదలుపెడుతూ, యాభై దాటిన పది మందికి కేకు కోసి వీడ్కోలు చెప్పారు. ఆ పది మందిలో అంకుల్ ఒకడు. మార్చిలో యశ్వంత్ కంపెనీ మూతపడింది. అప్పటికి అమెరికాలో మొదలైన కంప్యూటర్ కంపెనీల పతనం ఇక్కడి దాకా వచ్చేసింది. పొద్దున్నే తండ్రీ కొడుకులిద్దరూ ఒకే పేపర్ పంచుకుని చదువుతుండగా నేనొక్కదాన్నే బ్యాగు తగిలించుకుని రైలుకు బయలుదేరేదాన్ని. చెప్పులు వేసుకుంటుంటే ఆ ఇద్దరూ తలెత్తకపోవడం నాకు తెలిసేది.

అప్పుడే ఒక చిన్న ప్రతిపక్ష పార్టీ వాళ్ళు అంకుల్‌ను వెతుక్కుంటూ వచ్చారు. పార్టీ సెక్రటరీ రిటైరైన స్కూలు మాస్టారు, మెత్తగా మాట్లాడే చైనీస్ పెద్దమనిషి. ముప్ఫై ఏళ్ళుగా మీ కాలమ్ చదువుతున్నాననీ, ఎన్నికలొస్తే మీలాంటివాళ్ళు నిలబడాలనీ అడిగాడు. ఆంటీకి అసలు ఇష్టం లేదు. నెగ్గేది లేదు, నలుగురి నోట్లో పడడం తప్ప అంది. అంకుల్ మాత్రం వారం ఆలోచించి ఒప్పుకున్నాడు.

"అడిగినోడికి ఎవుడూ జవాబు సెప్పడమ్మా, పేపర్లో," అన్నాడు నాతో. "అచ్చేసి ఊరుకుంటారు. సభలో అడిగితే మంత్రి లేచి నిలబడాల. ఒక్కసారి ఆ కుర్చీలో కూకోవాలని ఉంది నాకు."

నాకు గర్వంగానే అనిపించింది. ఆయన కరపత్రాలు నేనే టైపు చేసిపెట్టాను. పెద్దవాళ్ళ వైద్యం, కూలీల ఇళ్ళు, టౌన్ కౌన్సిల్ లెక్కలు అందరికీ చూపాలన్నది, ఇవే అందులో ఉన్నవి.

ఆగస్టులో మా కంపెనీలో ఒక ఖాళీ వచ్చింది. యశ్వంత్ అప్లై చేశాడు. సెప్టెంబర్ ఆఖరున జరిగిన ఇంటర్వ్యూల్లో, ప్రశ్నలడిగే ముగ్గురిలో నన్నొకదాన్ని వేశారు. అతను నాకు తెలుసని ముందే మా మేనేజర్‌తో చెప్పాను. టెక్నికల్ ప్రశ్నలకు మీరొక్కరే ఉన్నారు, ఉండక తప్పదన్నాడు. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు యశ్వంత్. రెండోవాడు కౌశల్ అనే వరంగల్ అబ్బాయి. రెండేళ్ళుగా సింగపూర్‌లోనే మరో చోట పనిచేస్తున్నాడు, రేవు సాఫ్ట్‌వేర్ బాగా తెలుసు. యశ్వంత్ సగం దాకా చక్కగా చెప్పి, ఆఖరి లెక్క దగ్గర ఆగిపోయాడు. బోర్డు ముందు మార్కర్ పట్టుకుని నిలబడి నా వైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. మేనేజర్ నన్ను సూటిగా అడిగాడు, ఈ ఇద్దరిలో ఎవరని. కౌశల్ అన్నాను.

ఆ మాట ఎవరికీ చెప్పకూడదు. ఇంటర్వ్యూ గదిలో జరిగింది బయటికి రాకూడదని కంపెనీ రూలు. కాని అదే ఇంట్లో ఉంటూ, ఆంటీ వడ్డిస్తే తింటూ, లోపల దాచుకోలేకపోయాను. ఒక ఆదివారం పొద్దున అంకుల్‌తో తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌కు వెళ్ళాను. ఆయన టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల చోప్ చేసి, అంటే మాదని ఆపిపెట్టి, రెండు కాఫీలు తెచ్చి కూర్చున్నాక మొత్తం చెప్పేశాను.

ఆయన కప్పు తిప్పుతూ విన్నాడు. "సివరి మాట నీదేనా?" అని అడిగాడు.

"నాదేనండి అంకుల్. ఆ సంగతి యశ్వంత్‌కి తెలీదు."

"నిజమే సెప్పావు కదా?"

"నిజమే చెప్పానండి."

"మరింకేటి. తాగు" అన్నాడు. యశ్వంత్‌కు చెప్పొద్దని నేను అడగలేదు. అడగాల్సిన అవసరం ఉందని నాకు తోచలేదు.

అక్టోబర్‌లో ఎన్నికలు ప్రకటించారు. నామినేషన్ నుంచి ప్రచారం ముగిసేదాకా తొమ్మిది రోజులు. సాయంత్రాలు ఫ్లాట్ల మధ్య మైదానంలో సభలు. అక్కడ ఇంగ్లీషు, మాండరిన్, మలయ్, తమిళం మాట్లాడతారు. అంకుల్‌కు మూడు వచ్చు. తెలుగు పని లేదు. మొదటి నాలుగు సాయంత్రాలూ ఆంటీతో కలిసి వెళ్ళాను. ఆయన నిలబడి, చేతిలో కాగితాలు పట్టుకుని, ఆసుపత్రుల గురించి, టౌన్ కౌన్సిల్ లెక్కల గురించి నెమ్మదిగా, సరిగ్గా, అంకెలతో చెప్పేవాడు. జనం చెరకు రసం తాగుతూ పక్కవాళ్ళతో కబుర్లు చెప్పుకునేవారు. ఆయన తర్వాత మాట్లాడే పార్టీ కుర్రవాడు, మన ఉద్యోగాలు ఎవరు తీసుకుంటున్నారు అని ఒక్క ముక్క అనగానే మైదానమంతా కదిలిపోయేది. అక్కడ సగంమంది ఆ ఏడాది ఉద్యోగాలు పోయినవాళ్ళు. మెడలో టై తీయకుండానే వచ్చినవాళ్ళు కొందరు. ఇంట్లో ఇంకా చెప్పి ఉండరు.

నాలుగో సభ ముగిశాక సెక్రటరీ అంకుల్‌ను పక్కకు తీసుకెళ్ళి మాట్లాడడం చూశాను. ఏం చెప్పాడో తర్వాత అంకులే చెప్పాడు. మీ మాటలు మంచివే, ఇంటికెళ్ళాక ఒక్కటీ గుర్తుండదు అన్నాడట. మీ ఇంట్లోనే ఉంది కదా కథ, మీ అబ్బాయి కథ చెప్పండి అన్నాడట.

ఐదో సాయంత్రం అంకుల్ కాగితాలు తీయలేదు.

నా కొడుకు ఇక్కడే పుట్టాడు, అన్నాడు ఇంగ్లీషులో. ఇక్కడే చదివాడు, ఈ దేశానికి రెండేళ్ళు తుపాకీ మోశాడు. ఎనిమిది నెలలుగా ఇంట్లో కూర్చున్నాడు. మొన్న పడమటి వైపు ఒక కంపెనీలో ఒక ఉద్యోగానికి ఇద్దరు మిగిలారు. అది ఎవరికి వెళ్ళింది? నిన్నగాక మొన్న విమానం దిగినవాడికి. నా కొడుకు వద్దని ఆ గదిలో చెప్పింది ఎవరు? ఆమె కూడా విమానం దిగి వచ్చినదే.

నేను అంతమంది మనుషులు ఒక్కసారి అరవడం అంతకుముందు వినలేదు. నా పక్కనున్న చైనీస్ ముసలాయన బొంగురు గొంతుతో అంకుల్ పేరు అరుస్తున్నాడు. ఆంటీ నా చెయ్యి పట్టుకుంది. ఇంగ్లీషు ఆమెకు ఆ మాత్రం వచ్చు. నా మొహంకేసి చూసి, "నువ్వా?" అంది చిన్నగా. తలూపాను. చెయ్యి వదల్లేదు. వేదిక మీద అంకుల్ మొహం వెలిగిపోతోంది. ఆ వయసులో ఆయన్ను అంత అందంగా నేనెప్పుడూ చూడలేదు.

ఇంటికొచ్చాక యశ్వంత్ నా గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. సభకు అతనూ వచ్చాడట, వెనక ఎక్కడో నిలబడ్డాడట.

"ఆ రోజు లాస్ట్ క్వశ్చన్ నాకు రాలేదు లా. ఐ నో దట్," అన్నాడు. "వై మస్ట్ హీ టెల్ ఎవ్రీబడీ?"

అతనికి నా మీద కోపం లేదు. ఏమైనా తిడతాడేమోనని చూశాను, తిట్టలేదు. ఆ రాత్రికి స్నేహితుడి ఇంటికి వెళ్ళి, ఎన్నికలయ్యేదాకా తిరిగి రాలేదు.

పొద్దున అంకుల్ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. పేపర్లో ఆయన ఫోటో వచ్చింది, లోపలి పేజీలో, చెయ్యెత్తి మాట్లాడుతున్నది. ఆయన దాన్ని నాకు చూపించలేదు, దాచలేదు.

"మీరు నన్ను అడగలేదు అంకుల్" అన్నాను.

"లేదు."

"కౌశల్ ఇక్కడికొచ్చి రెండేళ్ళయిందని మీకు చెప్పాను."

"సెప్పావు." నా వైపు తిరిగి అన్నాడు. "నాలుగు రోజులు ఎవుడూ ఇనలేదమ్మా. నిన్న నోరు తెరిచేసరికి అందరూ నా కేసే సూస్తున్నారు. ఆ తర్వాత వొచ్చిన మాటలు నేను ఆపలేకపోయినాను."

సాయంత్రం సభలో సరిచేస్తానని మాటిచ్చాడు. నేనడగలేదు, ఆయనే అన్నాడు.

ఆరో రోజు జనం రెట్టింపు వచ్చారు. అంకుల్ మైకు ముందుకొచ్చి, నిన్న నేను చెప్పినదాంట్లో ఒక పొరపాటు ఉంది అని మొదలుపెట్టాడు. నిన్న అనగానే చప్పట్లు. ఆ కథే మళ్ళీ చెప్పబోతున్నాడనుకున్నారు. ఆయన చెయ్యెత్తి ఆగమన్నాడు. ఆగలేదు. ఆ అబ్బాయి రెండేళ్ళ నుంచి ఇక్కడే ఉన్నాడు అన్న వాక్యం నాకు వినిపించింది, ఎందుకంటే దానికోసమే చెవి పెట్టి ఉన్నాను. అయితే రెండేళ్ళ నుంచి మన తిండి తింటున్నాడు అని ముందు వరుసలోంచి ఎవరో కేకేశారు, అందరూ నవ్వారు. ఆ అమ్మాయి చేసింది తప్పు కాదు అని అంకుల్ రెండుసార్లు అన్నాడు. రెండోసారి ఆయన గొంతు అసలు బయటికి రాలేదు. సెక్రటరీ లేచి, నవ్వుతూ ఆయన భుజం మీద చెయ్యి వేసి, మైకు తీసుకున్నాడు.

పక్కకు తిరిగి మెట్లు దిగుతున్న అంకుల్‌ను జనం భుజాలు తట్టి అభినందించారు.

ఆఫీసులో నన్ను ఏడో రోజున పిలిచారు. వేదిక మీద చెప్పిన ఆ పడమటి వైపు కంపెనీ తమదేననీ, సూరయ్య కొడుకు దరఖాస్తు తమ దగ్గరే ఉందనీ కనుక్కోవడానికి వాళ్ళకు ఒక పూట పట్టింది. గదిలో మాట ఇంట్లో చెప్పారా అని అడిగారు. చెప్పానన్నాను. అబద్ధం ఆడొచ్చునేమో, ఆ క్షణానికి తోచలేదు. మర్యాదగానే మాట్లాడారు. ఉద్యోగం తీసేస్తున్నామని చెప్పి, అక్కడ పనిచేయడానికి ఇచ్చిన పాస్ రద్దు కాగితాల మీద సంతకం పెట్టించుకున్నారు. ఇంకో నెల రోజులు దేశంలో ఉండొచ్చు. ఈ గొడవలో కౌశల్‌కు ఇవ్వబోయిన ఉద్యోగం కూడా ఆపేశారు. అతను అప్పటికే పాత చోట రాజీనామా ఇచ్చేశాడు. ఆ ఖాళీని వాళ్ళు ఎవరితోనూ నింపలేదు. యశ్వంత్‌తో కూడా.

ఎన్నికల్లో అంకుల్‌కు నూటికి ముప్ఫై ఓట్లు వచ్చాయి. కొత్త మనిషికి అది చాలా ఎక్కువని పార్టీ వాళ్ళు సంబరపడి పండ్ల బుట్ట పంపారు. ఆంటీ దాన్ని తీసుకెళ్ళి లిఫ్టు దగ్గర ఊడ్చే ఆమెకు ఇచ్చేసింది.

తర్వాత నెల రోజులూ అంకుల్ నా కోసం తిరిగాడు. మా కంపెనీకి వెళ్ళి రిసెప్షన్‌లో గంటసేపు కూర్చుంటే, ఎవరూ ఖాళీగా లేరన్నారు. తన పాత పత్రికకు ఉత్తరం రాశాడు. తాను వేదిక మీద చెప్పింది సగం తప్పనీ, ఒకరు నమ్మి చెప్పిన మాటను ఓట్ల కోసం వాడుకున్నాననీ, ఆ అమ్మాయికి శిక్ష పడకూడదనీ రెండు పేజీలు. పత్రిక వాళ్ళు వేశారు. చోటు చాలక నాలుగు వాక్యాలకు కుదించారు. తప్పు ఒప్పుకున్నదంతా పోయి, చివర ఓటర్లకు ధన్యవాదాలు అన్న భాగం మిగిలింది. తను స్వయంగా ముప్ఫై ఏళ్ళు అలా కుదించినవాడే కాబట్టి, కుదించిన కుర్రవాణ్ణి ఆయన తిట్టలేదు. ఆ ముక్కను రెండుసార్లు చదివి, మడిచి పక్కన పెట్టాడు.

చివరికి తనను ఓడించిన పార్లమెంటు సభ్యుడి దగ్గరికే నన్ను తీసుకెళ్ళాడు. వారానికో సాయంత్రం బ్లాకు కింద ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని, ఆయనకు అర్జీలు చెప్పుకోవడానికి జనం వంతు కోసం కూర్చునే చోటు అది. మాకు నలభై ఏడో నంబరు. ముందున్నవాళ్ళు అంకుల్‌ను గుర్తుపట్టి గుసగుసలాడుకున్నారు. ఒకాయన ధైర్యం చేసి వచ్చి చెయ్యి కలిపాడు, విదేశీయుల గురించి భలే చెప్పారు సార్ అన్నాడు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. అంకుల్ ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేక, గట్టిగా పట్టుకోలేక అలాగే ఉంచాడు.

సభ్యుడు లేచి నిలబడి పలకరించాడు. ఓడినవాడిని ఎకసెక్కెమాడలేదు. అంతా విని, మంత్రిత్వ శాఖకు ఉత్తరం రాయిస్తాను గాని ఫలితం ఉంటుందని చెప్పలేనన్నాడు. ఆ ఉత్తరానికి పది రోజుల్లో శాఖ నుంచి జవాబు వచ్చింది. కంపెనీ నిర్ణయంలో తాము జోక్యం చేసుకోలేమని, భవిష్యత్తుకు శుభాకాంక్షలని, మూడు వాక్యాలు.

అది చదివినప్పుడు అంకుల్ అన్న మాట ఇంట్లో అందరికీ వినిపించింది. "ముప్ఫై యేళ్ళు రాసినాను, తొమ్మిది రోజులు మాట్టాడినాను. ఆ ముప్ఫై యేళ్ళు ఎవుడికీ పట్టలేదు, ఈ తొమ్మిది రోజుల్ని వెనక్కి తీసుకోనివ్వరు."

యశ్వంత్ లేచి ఫ్యాను వేగం పెంచాడు.

డిసెంబర్ మొదటి వారంలో నేను వచ్చేశాను. హైదరాబాద్‌లో నాలుగు నెలలు ఖాళీగా ఉండి, తర్వాత ఒక చిన్న కంపెనీలో చేరాను. కౌశల్ గురించి కనుక్కుందామని రెండు మెయిళ్ళు రాశాను, జవాబు రాలేదు. యశ్వంత్ ఇంకో ఏడాదికి ఒక స్కూల్లో లెక్కల టీచరయ్యాడు. అంకుల్ పార్టీలోనే ఉండిపోయాడు గాని మళ్ళీ నిలబడమంటే నిలబడలేదు, వేదిక ఎక్కమంటే ఎక్కలేదు. పార్టీ ఆఫీసులో ప్రతి బుధవారం ఒక బల్ల వేసుకుని వచ్చినవాళ్ళకు అర్జీలు రాసిపెట్టేవాడట. పాస్ రద్దయినవాళ్ళు కూడా వచ్చేవారట. చాలా అర్జీలకు అవే మూడు వాక్యాలు తిరిగొచ్చేవని ఆంటీ చెప్పేది.

ఏడాదికోసారి ఆంటీ ఫోన్ చేసేది. మాట్లాడాక, ఉండు అంకుల్‌కి ఇస్తానని ఇచ్చేది. ఆయన "బాగున్నావా అమ్మా" అనేవాడు. బాగున్నానండి అనేదాన్ని. పోనివ్వండి అంకుల్, నేను మర్చిపోయాను అని చెప్పాలని ప్రతి ఏడూ అనుకునేదాన్ని. ఆయన ఎదురుచూస్తున్నట్టు అవతల ఊపిరి వినిపించేది. నేను మర్చిపోలేదు, అందుకే ఆ మాట రాలేదు. ఏదో వానల గురించి అడిగేదాన్ని. ఇక్కడ రోజూ పడతానే ఉంటాది అనేవాడు. 2008లో ఆయన గుండె ఆగి పోయాడని యశ్వంత్ మెయిల్ పంపాడు. ఆ సాయంత్రం ఆంటీకి ఫోన్ చేశాను. ఆమె ఏడవలేదు. ఒకసారి రమ్మంది, గది అలాగే ఉందంది. వస్తానన్నాను. ఇంకా వెళ్ళలేదు.